స్థాపకుడి తర్వాత కూడా నడిచే భాష: ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాషలకు పాలన, వారసత్వం ఏర్పరచుకొనే విధానం

ఒక ప్రోగ్రామింగ్ భాష పుట్టిన కొత్తలో దానికి సంబంధించిన నిర్ణయాలన్నీ ఒక్కరే తీసుకుంటారు, అలా జరగడమే మంచిది కూడా. వాక్యనిర్మాణం పొందికగా ఉండాలన్నా, అక్కరలేని సదుపాయాలు వచ్చి చేరకుండా ఉండాలన్నా తొలినాళ్లలో ఒకే మనిషి అభిరుచి కావాలి. అయితే ఆ భాషను నమ్ముకొని ఇతరులు ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టిన రోజు నుంచి పరిస్థితి మారుతుంది. స్థాపకుడికి ఉద్యోగం మారినా, జబ్బు చేసినా, ఆసక్తి తగ్గినా నష్టపోయేది అతని కంటే ఎక్కువగా ఆ ప్రోగ్రాములు రాసినవారే.

గోదావరి డెల్టాలో ఈ సమస్య మరింత త్వరగా ఎదురవుతుంది. కాకినాడలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఒక కళాశాలలో చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మొదలైన చిన్న భాషకు కొద్దిమంది వాడుకరులు ఏర్పడేసరికి, దాని కర్త హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లిపోవడం, లేదా ఎమ్మెస్ చదవడానికి అమెరికా విమానం ఎక్కడం మామూలుగా జరిగేదే. ఈ మార్గదర్శి అటువంటి బృందాలను దృష్టిలో పెట్టుకొని రాసినది. నా అభిప్రాయంలో వారసుడి పేరు ప్రకటించడం ఈ పనిలో అన్నిటికంటే చివరిది, అన్నిటికంటే తేలికైనది. ఒకే చేతిలో ఉన్న అధికారాలను విడివిడిగా గుర్తించి, ఏది ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుందో రాసుకొని, స్థాపకుడు ఇంకా చురుకుగా ఉన్నప్పుడే వాటిని ఇతరుల చేత వాడించి చూడడమే అసలు పని.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో పైథాన్ చరిత్ర చెబుతుంది. 1991లో తొలిసారి వెలువడిన ఆ భాషకు గైడో వాన్ రోసమ్ ఇరవై ఏడేళ్ల పాటు తుదినిర్ణయం తీసుకునే వ్యక్తిగా ఉన్నారు. ఒక వ్యక్తీకరణ మధ్యలోనే చలరాశికి విలువ ఇవ్వడానికి వీలు కల్పించే పెప్ 572 (పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రాలను పెప్ అంటారు) అనే ప్రతిపాదనపై తీవ్రమైన వాదోపవాదాలు జరిగాక, 2018 జూలై 12న తాను ఆ స్థానం నుంచి తప్పుకుంటున్నానని, వారసుడిని నియమించబోనని ఆయన ప్రకటించారు. ప్రజాస్వామ్యం పెట్టుకుంటారో మరొకటి పెట్టుకుంటారో మీరే తేల్చుకోండని కోర్ డెవలపర్లకు, అంటే భాషను తయారుచేసే ముఖ్య బృందానికి, వదిలేశారు. ఎలా ఎన్నుకోవాలో చెప్పే నియమం కూడా లేనందువల్ల, పాలనా విధానాన్ని ఎంచుకోవడానికి ఓటు ఎలా వేయాలన్న విషయంపైనే వారు ముందుగా పెప్ 8001 అనే పత్రం రాసుకోవలసి వచ్చింది. ఇతర ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో పరిశీలిస్తూ పెప్ 8002 రాశారు. ఏడు వేర్వేరు పాలనా విధానాలు పోటీకి వచ్చాయి. డిసెంబరులో జరిగిన ఓటింగులో నథానియెల్ స్మిత్, డోనాల్డ్ స్టఫ్ట్ రాసిన పెప్ 8016 నెగ్గింది. తొలి స్టీరింగ్ కౌన్సిల్ (భాషను నడిపే ఎన్నికైన మండలి) 2019 ఆరంభంలో ఏర్పడేదాకా భాషలో కొత్త మార్పులపై తుదిమాట చెప్పేవారు లేరు. పైథాన్‌కు అనుభవజ్ఞులైన కోర్ డెవలపర్లు ఎందరో ఉన్నారు, 2001 నుంచి పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అండగా ఉంది కాబట్టి ఆ దాదాపు ఏడు నెలలు తట్టుకోగలిగింది. ముగ్గురో నలుగురో ఉన్న బృందం తట్టుకోవడం కష్టం.

మొదటి దశ: అధికారాల జాబితా

స్థాపకుడు, మరొక ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చొని, ప్రస్తుతం స్థాపకుడు చేస్తున్న పనులన్నింటినీ కాగితం మీద పెట్టాలి. పదవుల పేర్లు రాయవద్దు, పనులే రాయాలి. వచ్చిన కోడ్ మార్పులను ప్రధాన శాఖలో కలపడం, భాషలో కొత్త నిర్మాణాన్ని ఆమోదించడం లేదా తిరస్కరించడం, విడుదల తేదీని నిర్ణయించి ఫైళ్లపై సంతకం చేయడం, కమిట్ హక్కు (కోడ్‌ను నేరుగా మార్చే అనుమతి) ఇవ్వడం, తీసివేయడం, భద్రతా లోపాల గురించి రహస్యంగా వచ్చే సమాచారాన్ని అందుకోవడం, అనుచితంగా ప్రవర్తించినవారిని ఆపడం, భాష పేరును ఎవరు వాడవచ్చో చెప్పడం, విరాళాలు చూసుకోవడం. ఇంకా ఉంటే చేర్చండి. ప్రతి పనికి ఎదురుగా, స్థాపకుడు రెండు నెలలు అందుబాటులో లేకపోతే ఆ పని చేయగల మనిషి పేరు రాయండి. పేరు దొరకని చోటే ప్రమాదం ఉంది. ముందు దానిమీద పనిచేయాలి.

ఈ పనులన్నీ కలిపి ఒకరికే అప్పగించనక్కరలేదని పెర్ల్ చాలాకాలం క్రితమే చూపించింది. భాషకర్త లారీ వాల్ అయినా, పెర్ల్ 5 నిర్వహణ బాధ్యత ‘పంప్‌కింగ్’ అని పిలుచుకునే వ్యక్తుల చేతులు మారుతూ సాగింది. తర్వాత నెలనెలా వచ్చే అభివృద్ధి విడుదలలను కూడా వేర్వేరు వాలంటీర్లు వంతులవారీగా చేయడం అలవాటు చేశారు. విడుదల చేయడం అంత మంచి శిక్షణ మరొకటి లేదని నేను నమ్ముతాను. అది చేయాలంటే పరీక్షలు, పత్రాలు, సంతకాలు, ప్రకటన అన్నీ ముట్టుకోక తప్పదు. అందువల్ల జాబితాలో మొట్టమొదట చేతులు మారవలసిన పని విడుదలే.

రెండవ దశ: తాళాలు

పాలన గురించి ఎంత చక్కగా రాసుకున్నా, రిపాజిటరీ (కోడ్ అంతా ఉంచే చోటు) యజమాని ఖాతా ఒక్కరి ఈమెయిలుకు ముడిపడి ఉంటే ఆ రాతకు విలువ లేదు. రిపాజిటరీని వ్యక్తిగత ఖాతా నుంచి సంస్థ ఖాతాకు మార్చి కనీసం ముగ్గురిని యజమానులుగా పెట్టండి. డొమైన్ నమోదు, ప్యాకేజీలు ఉంచే చోటి ఖాతా, సంతకపు తాళాలు, స్వయంచాలక బిల్డులకు వాడే రహస్య సంకేతాలు, సామాజిక మాధ్యమాల ఖాతాలు అన్నీ ఇలాగే చూడండి.

మన దగ్గర తరచుగా మరచిపోయేది ఫోను నంబరు. డొమైన్ ఖాతాకు ఓటీపీ వచ్చే సిమ్ స్థాపకుడిది అయి, అతను విదేశానికి వెళ్లాక రీఛార్జి లేక ఆ నంబరు రద్దయితే ఖాతా తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. వీలైనచోట ఓటీపీకి బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకొని, రికవరీ కోడ్లను కాగితంపై ముద్రించి సీలు వేసిన కవర్లలో వేర్వేరు ఊళ్లలో ఉంచాలి. ఒకటి లంక గ్రామంలో ఉంటే మరొకటి ఏటిగట్టుకు దూరంగా, మెరక ప్రాంతంలో ఉండాలి. 2022 జూలై వరదలో లంక గ్రామాల్లోకి నీళ్లు రావడం చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వివరించనక్కరలేదు. ఏడాదికొకసారి ఒక కవరు తెరిచి, ఆ కోడు పనిచేస్తున్నదో లేదో పరీక్షించి, కొత్త కోడ్లు తీసి మళ్లీ సీలు వేయండి.

మూడవ దశ: నిర్ణయం ఎలా జరుగుతుంది

ఇక్కడ తొందర పనికిరాదు. భాషా ప్రాజెక్టులో నిర్ణయాలన్నీ ఒక్కరకం కావు. దోషాన్ని సవరించే మార్పును ఒక మెయింటెయినరు (కోడ్ బాగోగులు చూసుకునే వ్యక్తి) చూసి కలిపేస్తే చాలు. కానీ భాషలో కొత్త కీలకపదం చేర్చడం, పాత ప్రోగ్రాములు ఆగిపోయేలా ఏదైనా తొలగించడం వంటివి ఒకసారి జరిగాక వెనక్కు తీసుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల రెంటికీ మధ్య గీత ఎక్కడో మొదట రాయాలి. వాడుకరి రాసే ప్రోగ్రాము అర్థాన్ని మార్చేది ఏదైనా సరే, లిఖిత ప్రతిపాదన లేకుండా చేరకూడదన్న ఒక్క వాక్యం పెట్టుకుంటే చిన్న ప్రాజెక్టుకు సరిపోతుంది.

ప్రతిపాదనలో సమస్య ఏమిటో, పరిష్కారం ఏమిటో, పాత ప్రోగ్రాములపై ప్రభావం ఎంతో, పరిశీలించి వదిలేసిన ఇతర మార్గాలు ఏవో ఉండాలి. తిరస్కరించిన ప్రతిపాదనలను కూడా కారణాలతో సహా దాచి ఉంచండి. రెండేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన విద్యార్థి అదే ఆలోచనతో వచ్చినప్పుడు, పాతవారు ఎవరూ మిగలకపోయినా ఆ పత్రం జవాబు చెబుతుంది.

తీర్పు చెప్పే పద్ధతుల్లో మూడు మాత్రం ఇక్కడ చెబుతాను. పీహెచ్‌పీలో ప్రతిపాదనలపై ఓటు వేస్తారు, నెగ్గడానికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. పద్ధతి స్పష్టంగా ఉంటుంది, కానీ చర్చలో నలిగినవారూ నలగనివారూ ఒకే బరువుతో ఓటు వేస్తారు. రస్ట్‌లో ఆర్‌ఎఫ్‌సీ అనే ప్రతిపాదనను సంబంధిత బృందం పరిశీలిస్తుంది. గరిష్ఠంగా ఇద్దరు మినహా సభ్యులందరూ సమ్మతి తెలిపి, పెండింగులో ఉన్న అభ్యంతరాలు తీరిన తర్వాత పది రోజుల చివరి గడువు మొదలవుతుంది, ఆ గడువులో కొత్త అభ్యంతరం ఎవరైనా లేవనెత్తవచ్చు. ఒక్కరి అభ్యంతరానికి విలువ దక్కుతుంది, అదే సమయంలో ఒకరిద్దరు సమాధానం ఇవ్వకపోయినంత మాత్రాన పని ఆగదు. చిన్న బృందాలకు ఈ పద్ధతినే నేను సిఫారసు చేస్తాను.

మూడవది వారసత్వానికి సూటిగా పనికివచ్చేది. పైథాన్‌లో గైడో తప్పుకోవడానికి ముందే, ఆ విషయం బాగా తెలిసిన ఒక డెవలపరును ఒక్క ప్రతిపాదనకు మాత్రం ప్రతినిధిగా నియమించి తుదితీర్పు ఆ వ్యక్తికే వదిలే అలవాటు ఉండేది. అది ఇప్పుడు పెప్ డెలిగేట్ పేరుతో కౌన్సిల్ కింద కొనసాగుతున్నది. స్థాపకుడు ఈ రోజు నుంచే ప్రతి రెండో ప్రతిపాదనకు ఒక ప్రతినిధిని నియమించి, తీర్పు తనకు నచ్చకపోయినా మార్చకుండా ఉండగలిగితే, సగం వారసత్వం అక్కడే పూర్తయినట్టు.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు గురించి ఒక మాట. కళాశాలలో సీనియరును అన్నయ్యా అని పిలిచి, అతను చెప్పినదానికి ఎదురు చెప్పకపోవడం మర్యాదగా నేర్చుకున్నాం. ఆ మర్యాదను నేను గౌరవిస్తాను, కానీ నిర్ణయాల విషయంలో అది ప్రాజెక్టుకు హాని చేస్తుంది, ఎందుకంటే మౌనం సమ్మతిగా లెక్కలోకి వస్తుంది. స్థాపకుడు తన అభిప్రాయాన్ని అందరికంటే చివర చెప్పాలని, అభ్యంతరాలన్నీ రాతపూర్వకంగానే తీసుకోవాలని, మనుషులకు సంబంధించిన ఓట్లు రహస్యంగా జరగాలని నియమంగానే రాయండి.

నాలుగవ దశ: ఎవరు సభ్యులు

ఓటు ఎవరిదో తెలియకుండా ఎన్నిక జరగదు కాబట్టి, ఓటు హక్కు ఉన్నవారి పట్టిక బహిరంగంగా ఉండాలి. పైథాన్ పాలనా పత్రమైన పెప్ 13 ప్రకారం కొత్త కోర్ సభ్యుడిని చేర్చుకోవడానికి ప్రస్తుత సభ్యుల ఓట్లలో మూడింట రెండు వంతులు అనుకూలంగా రావాలి. కోడ్ రాసేవారినే సభ్యులుగా చూడకండి. పాఠాలు రాసేవారు, లోపాల నివేదికలను వర్గీకరించేవారు, తెలుగులో దోష సందేశాలు తయారుచేసేవారు కూడా భాషను నిలబెట్టేవారే. చాలాకాలం పనిచేయనివారిని గౌరవంగా విశ్రాంత సభ్యుల పట్టికలోకి మార్చే నియమం మొదటి రోజే ఉండాలి. తర్వాత పెడితే అది ఫలానావారిని ఉద్దేశించి పెట్టినట్టు కనిపిస్తుంది.

సభ్యత్వం, కమిట్ హక్కు ఇచ్చేటప్పుడు తొందరపెట్టేవారిని చూసి జాగ్రత్తపడండి. 2018లో ఈవెంట్‌స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ కర్త, దానిపై ఆసక్తి తగ్గాక, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి దాన్ని అప్పగించగా, బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ అందులో చేరింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపరు బయటపెట్టిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనపు వ్యవహారం ఇంకా లోతైనది. ఒంటరిగా అలసిపోయి ఉన్న మెయింటెయినరుపై కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. జియా టాన్ పేరుతో పనిచేసిన వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపికగా ఉపయోగపడే మార్పులు పంపుతూ, మధ్యలో సహనిర్వాహకుడై, చివరికి విడుదల ఫైళ్లలో దొంగదారి పెట్టాడు. ఈ రెండింటి నుంచి కొత్తవారిని అనుమానించాలన్న నిర్ణయానికి రావడం తప్పు. ఒంటరితనమే అక్కడ అసలు బలహీనత. ప్రతి మార్పును రెండవ వ్యక్తి చూడాలని, విడుదలపై ఇద్దరు సంతకం చేయాలని, కమిట్ హక్కు ఇచ్చిన చాలాకాలం తర్వాతే విడుదల హక్కు ఇవ్వాలని పెట్టుకుంటే, ఎంత మంచివాడో తేల్చుకోలేని మనిషితో కూడా కలిసి పనిచేయవచ్చు.

ఐదవ దశ: కౌన్సిల్

సభ్యులు పది మందికి చేరువైనప్పుడు కౌన్సిల్ అవసరం వస్తుంది. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు అందరూ కూర్చొని మాట్లాడుకోవడమే మేలు, అనవసరంగా కమిటీలు వేయకండి. పైథాన్ కౌన్సిల్‌లో ఐదుగురు ఉంటారు, ప్రతి ప్రధాన విడుదల తర్వాత ఎన్నిక జరుగుతుంది, ఒకే సంస్థలో పనిచేసేవారు ఇద్దరికి మించి ఉండకూడదు. అధికారాలు విస్తృతమైనవే అయినా వాటిని వీలైనంత తక్కువగా వాడాలని పత్రమే చెబుతుంది. మూడింట రెండు వంతుల ఓటుతో ఒక సభ్యుడిపైనో మొత్తం కౌన్సిల్‌పైనో అవిశ్వాసం ప్రకటించవచ్చు. ఈ నియమాలను దాదాపు ఉన్నవి ఉన్నట్టే తీసుకోవచ్చు. ఒక్క మార్పు చేయండి: మనకు ఒకే కంపెనీ సమస్య కంటే ఒకే కళాశాల, ఒకే బ్యాచి సమస్య ఎక్కువ. ఒకే కళాశాలలో చదివినవారు, ఒకే కుటుంబంవారు ఇద్దరికి మించి ఉండరాదని రాయండి.

ఎవరికి ప్రాతినిధ్యం ఉండాలన్నది మరొక ప్రశ్న. దీనికి డెల్టా రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు అడగకుండానే పారుతుంది, ఎద్దడి వచ్చిన ఏడాది ఎండిపోయేవి శివారు భూములే. 1997లో వచ్చిన సాగునీటి యాజమాన్య చట్టం కింద నీటి వినియోగదారుల సంఘపు ఆయకట్టును ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీసి, ఒక్కొక్క దాని నుంచి ఒకరిని ఎన్నుకునేది అందుకే: శివారు రైతు మాట కూడా సంఘంలో వినబడాలి. భాషా ప్రాజెక్టులో కంపైలరు (ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చే సాధనం) రాసేవారు కాలువ మొదట్లో ఉన్నవారు. పాత విండోస్ కంప్యూటరు మీద ఆ భాషను వాడే పాలిటెక్నిక్ విద్యార్థి, దానితో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు శివారులో ఉన్నవారు. అందరికీ కలిపి ఒకే ఓటింగు పెడితే ఐదు స్థానాలూ కంపైలరువారికే పోతాయి. కంపైలరు, ప్రామాణిక గ్రంథాలయం, పనిముట్లు, పాఠాలు అని బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందం నుంచి ఒక ప్రతినిధిని తీసుకోండి.

రస్ట్ ఇప్పుడు నడుస్తున్నది ఈ తరహాలోనే. 2006లో గ్రేడన్ హోర్ సొంత ప్రాజెక్టుగా మొదలై, ఆయన 2013లో తప్పుకున్నా బృందాల ఆధారంగా సాగిన ఆ భాషలో, 2021 నవంబరులో ప్రవర్తనా నియమాలను అమలు చేసే మోడరేషన్ బృందం మొత్తం రాజీనామా చేసింది. కోర్ బృందం తమకు తాము తప్ప ఎవరికీ జవాబుదారీ కాదన్నది వారి ఫిర్యాదు. దాని తర్వాత రాసుకున్న కొత్త ఏర్పాటు ప్రకారం 2023లో కోర్ బృందం స్థానంలో ప్రధాన బృందాల ప్రతినిధులతో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. ప్రవర్తనా నియమాలను అమలు చేసేవారు ఎవరిపై చర్య తీసుకోవచ్చన్న ప్రశ్నకు మీ పత్రంలో జవాబు ఉండాలి, అందులో స్థాపకుడు, కౌన్సిల్ సభ్యులు కూడా చేరి ఉండాలి.

ఆరవ దశ: పేరు, డబ్బు, చట్టం

దీన్ని క్లుప్తంగా ముగిస్తాను, చిన్న ప్రాజెక్టుకు చాలాకాలం డబ్బు లేకపోవడమే మేలు. విరాళాలు రావడం మొదలైతే వ్యక్తిగత యూపీఐ ఖాతాలో తీసుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగానో నమోదు కావచ్చు. అయితే విదేశీ విరాళాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి తప్పనిసరి. అమెరికాలోని మిత్రులు ప్రేమతో పంపిన మొత్తమైనా సరే, ముందు ఆడిటరును అడగండి. నమోదైన సంస్థకు డబ్బు, పేరు మీద హక్కులు ఉండాలి, భాషలో ఏ మార్పు చేరాలన్న విషయంలో మాత్రం మాట ఉండకూడదు. 2021లో ఏర్పడిన రస్ట్ ఫౌండేషన్, అదే ఏడాది వచ్చిన పీహెచ్‌పీ ఫౌండేషన్ భాషా నిర్ణయాలను డెవలపర్లకే వదిలిపెట్టాయి.

ఏడవ దశ: అప్పగింత

పత్రం సిద్ధమయ్యాక వెంటనే అమలులోకి తేకండి. ఒక పూర్తి విడుదల చక్రాన్ని స్థాపకుడు లేనట్టుగా నడిపి చూడండి. ఆ కాలంలో అతను ప్రశ్నలకు జవాబిస్తాడు తప్ప ఏదీ కలపడు, ఏదీ ఆపడు. ఎక్కడెక్కడ పని నిలిచిపోయిందో రాసుకొని, పత్రాన్ని సవరించి, అప్పుడు సభ్యుల ఓటుకు పెట్టండి. నియమాలను మార్చే నియమం కూడా అందులోనే ఉండాలి. మూడింట రెండు వంతులు సరైన కొలత.

బయటకు చెప్పేటప్పుడు తేదీ, పేరు, అప్పగిస్తున్న పని మూడూ స్పష్టంగా ఉండాలి. గో భాషకు సాంకేతిక నాయకుడిగా ఉన్న రస్ కాక్స్ 2024 ఆగస్టులో ముందుగా ప్రకటించి, సెప్టెంబరు 1 నుంచి ఆస్టిన్ క్లెమెంట్స్‌కు బాధ్యత అప్పగించారు. ఇద్దరూ అంతకు ముందు ఏళ్లుగా కలిసి పనిచేసినవారే కాబట్టి వాడుకరులకు కంగారు కలగలేదు.

తప్పుకున్న స్థాపకుడికి ఏ స్థానం ఉండాలన్నదే చివరికి మిగిలే చిక్కు. అతన్ని పూర్తిగా దూరం పెట్టడం అన్యాయం, ప్రత్యేక హక్కు ఉంచడం ప్రమాదం. గైడో తొలి కౌన్సిల్‌కు అందరిలాగే పోటీచేసి గెలిచారు, తర్వాతి ఎన్నికలో తన అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకొని, కోర్ డెవలపరుగా కొనసాగారు. మీరు కూడా అలాగే చేయండి. స్థాపకుడికి వీటో ఉంచక తప్పదని బృందం భావిస్తే, అది ఏ విడుదలతో ముగుస్తుందో ఆ విడుదల సంఖ్యను పత్రంలోనే రాయండి. ఆ విడుదల వెలువడిన రోజున రిపాజిటరీ యజమానుల పట్టికలో, ఓటర్ల పట్టికలో అతని పేరు పక్కన ఉన్న ప్రత్యేక గుర్తును తీసివేసి, ఆ మార్పును కూడా మిగిలిన మార్పుల్లాగే ఇద్దరి సమీక్షతో కలపండి.